ఇరవై ఇళ్ళ కోడి

నిర్మలకు ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళమ్మ దీవెనమ్మ వీరపునాయునిపల్లె చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "మా పాప పశువుల డాక్టరయింది, దేవునికి స్తోత్రం" అంది. డాక్టరు కాదమ్మా, పశుసంవర్ధక సహాయకురాలిని అని నిర్మల ఎంత మొత్తుకున్నా వినలేదు. అంత పొడుగు పేరు పలికేసరికి ఆరాధన అయిపోతుందని ఆమె వాదన.

ఆ ఉద్యోగం జమ్మలమడుగు దగ్గర చిన్నవంకపల్లెలో. ఎనుములకు సూదులు వెయ్యడం, గొర్రెలకు మందు తాగించడం, ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే పెద్ద డాక్టరుకు ఫోను చెయ్యడం, ఇవీ ఆమె పనులు. చేరి ఏడాదిన్నర అయింది. ఇంకో ఆరు నెలలు ఏ మాటా పడకుండా గడిపితే ఉద్యోగం ఖాయమవుతుంది. అందుకని నిర్మల ఆవు దగ్గర కూడా అణకువగానే ఉండేది.

ఆ ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళు గుట్టలుగా చచ్చిపోయాయి. తెల్ల అంగీలు తొడుక్కున్న మనుషులు కోళ్ళను గోతుల్లో పూడ్చిపెట్టడం టీవీల్లో పొద్దస్తమానం చూపించారు. జబ్బు కడప జిల్లాకు రాకముందే భయం వచ్చేసింది. ప్రొద్దుటూరులో బిరియానీ హోటళ్ళవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. పెళ్ళిళ్ళలో కోడికూర ముట్టేవాళ్ళు లేక వంకాయకు గిరాకీ పెరిగింది.

చలికాలంలో మైలవరం డ్యాముకు ఎక్కడెక్కడినుంచో నీటిపక్షులు వస్తాయి. బర్డ్ ఫ్లూను మోసుకొస్తే అవే మోసుకురావాలని, అలాంటి డ్యాముల చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ కోళ్ళను పరీక్ష చెయ్యమని ఆర్డరు వచ్చింది. జమ్మలమడుగు పశువుల డాక్టరు బాబ్జీ, నిర్మలను పిలిచి పని అప్పజెప్పాడు. ఊరికి ఇరవై ఇళ్ళు, ఇంటికో కోడి. దాని గొంతులో ఒక దూదిపుల్ల, వెనకవైపు ఒక దూదిపుల్ల తిప్పి, గులాబీరంగు మందునీళ్ళున్న చిన్న సీసాల్లో వేసి, ఐసుపెట్టెలో సర్ది ప్రొద్దుటూరు చేర్చాలి. అక్కడినుంచి భోపాల్ లాబుకు పోతాయి.

"జబ్బు యాడుండాదో తెలిస్తేనే కదా ఆపేది" అన్నాడు బాబ్జీ. "టీకా తయారుచేసేవాళ్ళకు గూడా ఈ పుల్లలే కావాల. ఏ రకం పురుగు ఏ ఊర్లో తిరుగుతాందో తెలీకుండా వాళ్ళు టీకా ఎట్ల చేస్తారు? పుల్ల చిన్నదే గానీ పని శానా పెద్దది నిర్మలమ్మా."

ఆ మాటకు నిర్మల ఛాతీ రెండంగుళాలు పొంగింది. మరుసటి రోజు పొద్దున్నే ఆఫీసువాళ్ళిచ్చిన తెల్ల అంగీ, టోపీ, కళ్ళద్దాలు, మాస్కు అన్నీ తగిలించుకుని చిన్నవంకపల్లె మసీదు వీధిలోకి అడుగుపెట్టింది.

ఆమె తప్పల్లా ఆ అంగీయే. టీవీలో కోళ్ళను పూడ్చినవాళ్ళు ఏ అంగీ వేసుకున్నారో అదే అంగీ అది. వీధి మొదట్లో ఎవరో "వచ్చినార్రోయ్" అని ఒక్క కేక వేశారు. అంతే. తలుపులు మూతపడ్డాయి. అప్పటిదాకా కాలువ గట్టున గెలుక్కుంటున్న కోళ్ళు మంత్రం వేసినట్టు మాయమయ్యాయి.

ఒక్క ఖమ్రున్నీసా మాత్రం తలుపు తీసి గడపలో నిలబడింది. నలభై దాటిన మనిషి. భర్త కువైట్‌లో డ్రైవరు. మసీదు వీధికి ఆమె మాటంటే మాటే. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో మూత తియ్యకుండానే చెప్పగలదు.

"మా వీధిలో కోళ్ళే లేవు పాపా" అంది ఖమ్రున్నీసా, చెక్కు చెదరకుండా.

సరిగ్గా అప్పుడే ఆమె ఇంటి అటక మీదనుంచి పుంజు ఒకటి గొంతెత్తి కూసింది.

"అదేందక్కా మరి?" అంది నిర్మల.

"అదా, ఫోను. రింగుటోను అట్ల పెట్టుకున్యా."

ఫోను రెండోసారి కూడా కూసింది, రెక్కలు కూడా కొట్టుకుంది. ఖమ్రున్నీసా ముఖంలో ఒక్క గీత కదలలేదు. నిర్మలకు నవ్వొచ్చింది కానీ, ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళ భయం ఆమెకు తెలుసు. వచ్చే నెల దర్గాలో గంధం పండగ. బంధువులకు వండిపెట్టడానికి, ఫాతిహా చదివించడానికి ప్రతి ఇంట్లోనూ ఏడాదినుంచి సాకుతున్న కోళ్ళున్నాయి. పరీక్షలో జబ్బుందంటే వాటిని పూడుస్తారు. సందెవేళదాకా తిరిగి ఖాళీ పెట్టెతో ఇల్లు చేరింది.

రెండోరోజు అంగీ మడిచి పక్కన పడేసి, మాస్కు, చేతితొడుగులు, మామూలు ఆప్రానుతో వెళ్ళింది. వీధి మొదట్లోనే ఖమ్రున్నీసా ఎదురొచ్చింది, ముఖం చాటంత చేసుకుని.

"రా పాపా, రా. నిన్న మాపటేల అందరం మాట్లాడుకున్యాం. గవర్నమెంటు పనికి అడ్డం పడగూడదని చెప్పినా. ఇంటికో కోడి కదా? ఇరవై ఇండ్లు నేనే చూపిస్తా. ముందు మా ఇంట్లో కానీ."

ఆమె ఒడిలో ఒక నల్ల పెట్ట దర్జాగా కూర్చుని ఉంది. నిర్మల భయంభయంగా నోరు తెరిచి పుల్ల తిప్పింది, వెనక తిప్పింది. పెట్ట కిక్కురుమనలేదు. ఇంత సులువా అనుకుంది.

ఆ తర్వాత జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. రెండో ఇంట్లో టీ తాగితేగానీ కోడిని తేమన్నారు. మూడో ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నాలుగో ఇంట్లో చేతులకు సబ్బు, తువ్వాలు, ఎండలో వచ్చావు కాసేపు ఫ్యాను కింద కూర్చోమని బలవంతం. ఐదో ఇంట్లో మళ్ళీ టీ. నేను ఈ వీధిని అపార్థం చేసుకున్నాను, ఎంత మంచి మనుషులు అని నిర్మలకు కళ్ళు చెమర్చాయి. తినేలోపు, కడుక్కునేలోపు ఆ ఇంటావిడ పెరటివైపు వెళ్ళి కోడిని పట్టుకొచ్చేది. నల్ల పెట్ట.

"మీ వీధిలో అన్నీ నల్లవేనా అక్కా?" అని ఆరో ఇంట్లో అడిగింది.

"నల్లదైతే దిష్టి తగలదు పాపా" అంది ఖమ్రున్నీసా. "మా వీధోళ్ళకు మొదటినుంచీ నల్లవే ఇష్టం."

నిజమే కాబోలు అనుకుంది నిర్మల. ఎనిమిదో ఇంట్లో బుష్రా అని, పెళ్ళై ఏడాదయినా కాని అమ్మాయి. ఆ పిల్ల టీ ఇవ్వలేదు, కూర్చోమనలేదు. "బిరీన కానీక్కా" అంటూ వెనక తలుపు వైపు చూస్తూ నిలబడింది. కొత్త కోడలు, బెదురు కాబోలు అని సరిపెట్టుకుని నిర్మల ముందుకు సాగింది.

పన్నెండో ఇంటికి వచ్చేసరికి ఒక వింత జరిగింది. పుల్ల కనిపించగానే కోడి తనంతట తానే నోరు తెరిచింది. నా చెయ్యి తిరిగిపోయింది అనుకుంది నిర్మల. పద్దెనిమిదో ఇంట్లో కోడి నోరు తెరిచి, అది అయిపోగానే వెనక్కి తిరిగి తోక కూడా ఎత్తింది. ఉద్యోగంలో చేరాక ఏ ప్రాణీ తనతో ఇంత సహకరించలేదు. ఇరవయ్యో ఇల్లు పీరాంబీ అనే ముసలామెది. అక్కడ కోడి పుల్లల పని ముగిశాక కిందికి దూకి, గంప పక్కనున్న చిప్పలో నీళ్ళు తాగి, గంపలోకి వెళ్ళి కళ్ళు మూసుకుంది.

మధ్యాహ్నం నమాజు వేళకు పని పూర్తి. నిర్మల డాక్టరుకు ఫోను చేసింది.

"ఇరవయ్యా!" అన్నాడు బాబ్జీ. "పులివెందుల కాడ నాసిర్ రెండు దినాలు తిరిగి ఆరు తెచ్చినాడు. నువ్వు ప్రొద్దుటూరుకు వచ్చెయ్. మనోళ్ళందరూ ఈడే ఉండారు. ఎట్ల చేసినావో నువ్వే చెప్పాల. నీ ఖాయం సంగతి గూడా పైన మాట్లాడతా."

ఆమె ఆగలేక దీవెనమ్మకూ చెప్పింది. "ఆదివారం సాక్ష్యం చెప్తా" అని తల్లి అక్కడికక్కడే తీర్మానించింది.

ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని, హడావిడిలో చిన్న కాగితాల మీద రాసుకున్న వివరాలను పెద్ద ఫారంలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఇంటి యజమాని, కోడి రంగు, గుర్తులు. ఒకటో ఇల్లు: నలుపు, కుడికాలి వెనక వేలు లేదు. రెండో ఇల్లు: నలుపు, కుడికాలి వెనక వేలు లేదు. పాపం, దీనికీ లేదా అనుకుంది. మూడో ఇల్లు కాగితం తీసింది. నాలుగోది తీసింది. తర్వాత అన్నీ ఒకేసారి ఒళ్ళో పరుచుకుంది.

ఇరవై కాగితాల్లోనూ కుడికాలి వెనక వేలు లేదు.

నిర్మలకు చెవులు వేడెక్కాయి. టీలు, ఉగ్గాని, సబ్బు, తువ్వాలు, ఫ్యాను, అన్నీ వరుసగా కళ్ళముందు తిరిగాయి. ఆమె ముందు తలుపునుంచి వెళ్తుంటే, కోడి పెరటి గోడల మీదుగా తర్వాతి ఇంటికి వెళ్ళిందన్నమాట. నోరు తెరవడం, తోక ఎత్తడం నేర్చుకుంది తన చెయ్యి తిరగబట్టి కాదు. పాపం ఆ కోడికి పన్నెండిళ్ళలో అలవాటైపోయింది. ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ రెండింటి మధ్యలో పిచ్చినవ్వు కూడా వచ్చింది. పక్క సీటు ఆయన సంచి తీసుకుని ఇంకో చోటికి మారిపోయాడు.

నవ్వు ఆగాక అసలు విషయం ముందుకొచ్చింది. ఈ పెట్టె ఇలాగే ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. కోడి మాట్లాడదు. వీధి అసలే మాట్లాడదు. భోపాల్‌లో కోడి కాలివేళ్ళు లెక్కపెట్టేవాళ్ళు ఉండరు. ఇరవై సీసాలూ బాగున్నాయని కాగితం వస్తుంది, ఉద్యోగం ఖాయమవుతుంది. ఆదివారం దీవెనమ్మ దేవుని ఎదుట ఒకే కోడి మీద ఇరవై స్తోత్రాలు చెల్లిస్తుంది. కానీ వీధిలో నిజంగా జబ్బుంటే? ఆ ఊరికి జబ్బు లేదని సంతకం పెట్టేది తనే కదా.

ప్రొద్దుటూరులో మండలాల సహాయకులందరూ ఒక హాల్లో బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆమె రాగానే బాబ్జీ చప్పట్లు మొదలుపెట్టాడు. నిర్మల ఐసుపెట్టెను బల్లమీద పెట్టి, తల వంచుకునే చెప్పేసింది.

"సీసాలు ఇరవై తెచ్చినా సార్. గానీ కోడి ఒకటే."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మొత్తం చెప్పుకొచ్చింది, రింగుటోను దగ్గరనుంచి తోక దాకా. హాలు పగలబడి నవ్వింది. పులివెందుల నాసిర్ అయితే కళ్ళు తుడుచుకుంటూ, "అక్కా, ఆ కోడిని ఒక పూట మాకియ్యి. నాకింకా పద్నాలుగు తక్కువుండాయి" అన్నాడు.

బాబ్జీ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "అంటే ఒకే కోడిని ఇరవై ఇండ్లు తిప్పినారా? వాటిల్లో ఒక్కదాంట్లో జబ్బుండినా..."

ఆ కోడే జబ్బును ఇంటింటికీ మోసి ఉండొచ్చన్న ఆలోచన నిర్మలకు అప్పటిదాకా రాలేదు.

"రేపు మూడింటికి బండి పోతాది" అన్నాడు బాబ్జీ. "అంతలోపల ఇరవై ఇండ్లకు ఇరవై కోళ్ళు. కాలేదంటే ఊరు ఒప్పుకోలేదని రాసియ్యి. నేను పైకి అదే పంపాల. ఖాయం సంగతి మళ్ళ చూద్దాం." అతను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

మూడోరోజు ఎండ ఎక్కకముందే నిర్మల నేరుగా పీరాంబీ ఇంటికి వెళ్ళింది. పని ముగిశాక ఆ కోడి ఎవరింటి గంపలో పడుకుందో ఆమె మరిచిపోలేదు. పీరాంబీ గడపలో కూర్చుని ఉంది, ఒళ్ళో నల్ల పెట్ట. ముసలామె ముఖం మాడిపోయి ఉంది.

"ఏం పెట్టినావే దీని గొంతులో?" అంది చూడగానే. "నిన్నట్నుంచి మా షహజాదీ జొన్నలు మింగలేకుండాది. నూకలు నానబెట్టి పెడతాండా."

"ఒక్కసారైతే ఏమీ కాదు జేజీ. ఇరవైసార్లు పెట్టినా కదా, అందుకు."

"ఇరవైసార్లా?" పీరాంబీ కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ ఖమ్రున్నీసా ఒక్క ఇంటికని తీస్కపాయ కదే!"

నిర్మల ఉన్నదున్నట్టు చెప్పింది. వింటున్నకొద్దీ ముసలామె లేచి నిలబడింది. డెబ్భై ఏళ్ళ గొంతులోనుంచి ఆ అరుపు ఎలా వచ్చిందో గానీ, వీధి చివరి ఇంటి తలుపు కూడా తెరుచుకుంది.

"రాండే అందరూ! మీ కోళ్ళు కోళ్ళు, మా షహజాదీ ఏమన్నా రోకలిబండా? ఇరవై ఇండ్లు తిప్పినారు, ఒక్క ఇంటి ముండైనా పిడికెడు గింజలు పెట్టిందా దానికి?"

ఆడవాళ్ళంతా పోగయ్యారు. కొందరు తల దించుకున్నారు, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఖమ్రున్నీసా ముందుకొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"సరే, మేం చేసింది తప్పే. అయితే నువ్వేం చేసినావు? తెలిసినంక గూడా గమ్మున పంపిచ్చేసుంటే అయిపోయేది. నీకు పేరు, మాకు కోళ్ళు. మళ్ళ యాల వచ్చినావు?"

"పంపీలే అక్కా. అందరి ముందరా చెప్పేసినా. అందరూ నవ్వినారు."

"తిక్కదానివా ఏంది?" అంది ఖమ్రున్నీసా, నిజంగానే అర్థం కాక.

"అయ్యుండొచ్చు."

"సరే, ఒక్క మాట చెప్పు. జబ్బుందని తేలితే సంపుతారా, సంపరా?"

శిక్షణలో ఈ ప్రశ్నకు జవాబు నేర్పించారు. ప్రజలు ఆందోళన చెందవలసిన అవసరం లేదని చెప్పాలి. నిర్మల ఆ జవాబు నోటిదాకా తెచ్చుకుంది. ఎదురుగా ఇరవై జతల కళ్ళు. మింగేసింది.

"సంపుతారు" అంది. "జబ్బున్న కోళ్ళనే కాదు, చుట్టుపక్కలవి గూడా. కోడికింత అని దుడ్లిస్తారు. గంధానికి చూసుకున్న కోడికి గూడా అంతే ఇస్తారు, ఒక్క రూపాయి ఎక్కువియ్యరు. నేను అబద్ధం చెప్పను."

ఎవరో "తోబా, తోబా" అన్నారు. వెనకనున్న ఇద్దరు ఇంటిదారి పట్టారు. నిర్మల గొంతు పెంచింది.

"పోండి, దాచిపెట్టుకోండి. గానీ ఇది గూడా వినిపోండి. నిన్న ఈ కోడి మీ ఇరవై ఇండ్లలో తిరిగింది. ఏ ఒక్క ఇంట్లో జబ్బుండినా ఇరవై ఇండ్లకూ దీని కాళ్ళమ్మడి పోయింటాది. మీరు కోళ్ళను కాపాడుకుందామనే చేసినారు, నాకు తెలుసు. అదే వాటికి ముప్పయింటాది. ఇప్పుడు నాకు గాదు, మీకు తెలియాల ఏ ఇంట్లో ఏముండాదో."

వెళ్ళిపోతున్న ఇద్దరూ ఆగారు. పీరాంబీ చేతులు కోడి చుట్టూ బిగుసుకున్నాయి. ఖమ్రున్నీసా మొదటిసారి మాట తడుముకుంది. "మా వీధిలో జబ్బు కోళ్ళు ఉంటే నాకు తెలీదా?" అంది, కానీ ఆ మాటలో నిన్నటి ధీమా లేదు.

"మా ఇంట్లో ఉండాయి" అని సన్నగా వినిపించింది.

అందరూ వెనక్కి తిరిగారు. బుష్రా గోడకు ఆనుకుని నిలబడి ఉంది, వెక్కుతోంది. "మూడు సచ్చిపోయినాయక్కా. దొడ్లో పూడ్చినా. ఇంకొకటి మెడ తిప్పుకోని పడుండాది. ఎవురికన్నా చెప్తే వీధిలో కోళ్ళన్నీ నా మూలంగానే పోయినాయంటారని..."

ఇప్పుడు ఎవరు ఏ మాట అన్నా ఆ పిల్ల ఇంకెప్పుడూ నోరు తెరవదు. నిర్మల ఏదో అనబోయేలోపే పీరాంబీ కోడిని గంప కింద పెట్టి, కర్ర పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి బుష్రా తల మీద చెయ్యి వేసింది.

"ఏడ్వొద్దు బేటీ. నువ్వు చెప్పినావు, వీళ్ళు చెప్పలే. నువ్వే నయం." తర్వాత వీధివైపు తిరిగి కర్రతో నేలమీద కొట్టింది. "ఇంకా యాల నిలబడినారు? పోయి తెండి మీ నవాబులను!"

అప్పుడు చూడాలి మసీదు వీధిని. అటకల మీదనుంచి, గాదెల వెనకనుంచి, మంచాల కిందినుంచి, ఒకరింట్లో పాత వాషింగ్ మెషీనులోనుంచి కోళ్ళు బయటపడ్డాయి. ఎర్రవి, తెల్లవి, చుక్కలవి, మెడమీద ఈకల్లేనివి. నిర్మల అంగీ, కళ్ళద్దాలు కూడా తెప్పించుకుని తొడుక్కుంది. ఇప్పుడు ఎవరూ పారిపోలేదు. ఒక్కో ఇంటికీ తనే వెళ్ళింది, ఒక్కో ఇంటికీ తొడుగులు మార్చింది. ఒక్క కోడి కూడా తనంతట తాను నోరు తెరవలేదు. మూడు గీరాయి, రెండు పొడిచాయి. ఖమ్రున్నీసా వాళ్ళ రింగుటోను అయితే ఆమె భుజం మీదనుంచి ఎగిరి దూలం ఎక్కింది. దాన్ని దించడానికి పావుగంట పట్టింది. ఇవి కదా కోళ్ళంటే అని నిర్మల మాస్కు లోపల నవ్వుకుంది. బుష్రా ఇంట్లోది అన్నిటికన్నా చివర, విడిగా తీసి, సీసా మీద ఎర్రగీత పెట్టింది.

ఎవరి కోళ్ళు వాళ్ళ గంపల కిందే ఉండాలని, అమ్మకాలు, కోతలు, ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దని, కోడిని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలని ఇంటింటికీ చెప్పింది. మూడింటికి ఇంకా పది నిమిషాలుండగా ఐసుపెట్టె ప్రొద్దుటూరులో బాబ్జీ చేతికిచ్చింది. అతను ఒకటో కాగితం చూశాడు, రెండోది చూశాడు. "ఎరుపు. తెలుపు, చుక్కలు. మెడ బోడి" అని పైకి చదివాడు. "కాళ్ళకు అన్ని వేళ్ళూ ఉండాయా?"

"లెక్కపెట్టినా సార్" అంది నిర్మల.

ఆ తర్వాత ఏడు రోజులు మసీదు వీధికి, నిర్మలకు కూడా, తిండి సయించలేదు. బుష్రా వాళ్ళ నాలుగో కోడి మరునాడే పోయింది. పక్కింట్లో ఒకటి మెడ వాల్చింది. నిర్మల రోజూ వెళ్ళేది. పీరాంబీ రోజూ ఒకే ప్రశ్న అడిగేది, "కాగితం వచ్చెనా?" అని. ఖమ్రున్నీసా ఏమీ అడిగేది కాదు. నిర్మల వెళ్ళేసరికి ఆమె వీధిలో బ్లీచింగ్ పొడి చల్లుతూ కనిపించేది, అంతే. గంపల కింద కోళ్ళు మాత్రం తమను ఎందుకు ఖైదు చేశారో తెలియక వీధంతా గోల చేసేవి.

ఎనిమిదో రోజు పొద్దున బాబ్జీ ఫోను చేశాడు. నిర్మల ఒక ఎనుము దగ్గర సూదితో నిలబడి ఉంది.

"బర్డ్ ఫ్లూ లేదు నిర్మలా. ఏ ఒక్కదాంట్లోనూ లేదు. బుష్రా కోడికి వచ్చింది కొక్కెర తెగులు. టీకా మన ఫ్రిజ్జులోనే ఉండాది. ఈ పొద్దే బాగున్న కోళ్ళన్నిటికీ వేసెయ్."

నిర్మల వేసిన కేకకు ఎనుము తాడు తెంపుకుంది. దాన్ని పట్టుకోవడం యజమానికే వదిలేసి ఆమె స్కూటరెక్కింది. కొక్కెర తెగులు అంటే కోళ్ళకు చావుజబ్బే. కానీ దానికి టీకా ఉంది. మనుషులకు అంటుతుందన్న బెంగ లేదు, గోతుల్లో పూడ్చాల్సిన పనీ లేదు. దాచిపెట్టి ఉంటే మాత్రం గంధంనాటికి వీధిలో ఒక్క కోడి మిగిలేది కాదు. ఆ సాయంత్రంలోపు తొంభై నాలుగు కోళ్ళకు టీకా వేసింది. మొత్తం మీద పోయినవి ఏడు. షహజాదీ పోలేదు. సూది చూడగానే అది నిర్మలను గుర్తుపట్టి గంప వెనక్కి పారిపోయింది, దానికి ఆ హక్కు ఉంది.

దీవెనమ్మకు కూడా నిర్మల మొత్తం కథ చెప్పింది. ఆమె ఆదివారం అదంతా సాక్ష్యంలో చెప్పేసింది, కూతురు మోసపోయిన ముక్క కూడా వదలకుండా. పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక వాక్య ప్రసంగం పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టారట. ఖాయం కాగితం మాత్రం ఇంకా ఏదో బల్ల మీదే ఉంది.

గంధం వెళ్ళిన పది రోజులకు, నిర్మల పంచాయతీ దగ్గర గొర్రెలకు మందు తాగిస్తుంటే ఖమ్రున్నీసా ఫోను చేసింది.

"ఏందక్కా, మళ్ళ ఏమన్నా పడిపోయినాయా?"

"మా వీధిలో గాదు పాపా. మా చెల్లెలిది కమలాపురం తావ. వాళ్ళింట్లో రెండు కోళ్ళు సచ్చినాయంట, ఎవురికీ చెప్పకుండా పూడ్చింది. నేను నోటికొచ్చినట్ల తిట్టినా. నేనిప్పుడు వాళ్ళింట్లోనే ఉండా, ఆయమ్మి పక్కన కూర్చోని ఏడుస్తాండాది. నువ్వొచ్చి పుల్ల పెట్టిపో."

ఇంటి కోడిని రింగుటోను చేసిన మనిషి, ఇంకో ఊళ్ళో దాచినదాన్ని చెవి పట్టుకుని ఫోను దాకా తెచ్చింది. నిర్మల మందు సీసా పక్కన పెట్టింది.

"అది నా మండలం గాదక్కా. నేను రాగూడదు. ఆడ ఇంకొకామె ఉండాది, ఇప్పుడే చెప్పి పంపిస్తా."

"ఆయమ్మ సంపుతారా అని అడిగితే నిజం చెప్తాదా?" అంది ఖమ్రున్నీసా.

"చెప్తాది. నేను చెప్పమని చెప్తా."

"అట్లయితే పంపీ" అంది ఖమ్రున్నీసా. "కోళ్ళను నేను పట్టిస్తా."